లేదని చెప్పని లెక్కల సారు

మొన్న సోమవారం పొద్దున చాయ్ హోటల్ భాయ్ మా గేటు ముందు నిలబడ్డాడు. గిరాకీ ముమ్మరంగా ఉండే ఆ వేళ ఆయన పొయ్యి విడిచి రావడం నేనెన్నడూ చూడలేదు. భుజం మీది తువాలుతో చేతులు తుడుచుకుంటూ, తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకుంటూ, "సారూ, లెక్కల సారు పోయిన్రు. నిద్రల్నే పోయిన్రట. ఇంటోళ్లు లేపితే లేవలేదట" అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "దినాం సగం చాయ్ తాగుతుండె. ఇయ్యాల గూడ గ్లాసు పక్కకు పెట్టిన. ఆదత్ అయిపాయె" అని, ఆ మాటకు తానే నొచ్చుకున్నట్టు తల వంచుకొని పోయాడు.

మరునాడు సంతాపసభ కరపత్రం నా దగ్గరికి వచ్చింది. పదవీ విరమణ చేసినా తెలుగు పంతులు తెలుగు పంతులే కనుక తప్పులు దిద్దమని ఇచ్చారు. 'శ్రద్ధాంజలి'లో ఒత్తు సరిచేశాను. 'అకాల మరణం' అన్న మాటను కొట్టివేశాను. డెబ్బయికి చేరువై, ఏడాదిగా గుండెజబ్బుతో ఉన్న మనిషి నిద్రలో కన్నుమూస్తే దానిని అకాలం అనరాదు. 'ఎవరూ ఊహించని విధంగా' అన్నదానిని కూడా కొట్టివేశాను. ఇతరుల సంగతి నాకు తెలియదు. ఆయన మాత్రం ఊహించారు. అప్పుడు కరపత్రంలో ఆయన పేరు, చదువు, పనిచేసిన ఊళ్ళు మాత్రమే మిగిలాయి. అవన్నీ సరిగానే ఉన్నాయి. ఆయన మాత్రం అందులో లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇరవై ఏళ్ళకు పైగా మా ఇద్దరివీ ఒకే స్టాఫ్ రూములో ఎదురెదురు కుర్చీలు. ఆయన లెక్కలు చెప్పేవారు, నేను తెలుగు చెప్పేవాణ్ణి. పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ పుట్నాలు ఉండేవి. ఒక్కొక్కటే తీసి నోట్లో వేసుకొనేవారు. గుప్పెడు పోసుకోవడం నేను చూడలేదు. ఆయన సైకిలుకు గంట ఉండేది కాదు. ఎందుకు పెట్టించుకోరని అడిగితే, "గంటుంటె జనమే జరుగుతరని నమ్మి జోరుగ పోతం సారూ. లేకుంటె మనమే సూసుకొని పోతం" అనేవారు.

'తప్పకుండా' అన్న మాట ఆయన నోట వచ్చేది కాదు. చింతమడక నుంచి మా సిద్దిపేట బజారుకు వచ్చిన రైతు "ఇయ్యాల వాన పడ్తదా సారూ" అని అడిగినా, పదో తరగతి విద్యార్థి "నేను పాసయితనా సార్" అని అడిగినా, జవాబు ఒక్క తీరుగానే ఉండేది. "పదిట్ల ఏడు పాళ్లు పడొచ్చు." "పదిట్ల ఆరు పాళ్లు. జర కూసోని సదివితె ఎనిమిది." పిల్లలు ఆయనను చాటుగా 'పాళ్ల సారు' అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. "అందరనరు సారూ. పదిట్ల తొమ్మిదిమంది అంటరు" అని నవ్వేవారు.

నాకు ఆ పద్ధతి మింగుడుపడేది కాదు. వాక్యానికి క్రియ ఉండాలి, ఆ క్రియకు నిలకడ ఉండాలి అని నమ్మినవాణ్ణి నేను. "మీరు ఏ వాక్యాన్నీ పూర్తి చేయరు. సగంలో వదిలేసి ఒక అంకె తగిలిస్తారు" అని ఒకనాడు అందరి ముందూ అన్నాను.

"మీరు పూర్తిగానిదాన్ని గూడ పూర్తి చేస్తరు సారూ. చివర్ల చుక్క వెట్టంగనే అయిపోయిందనుకుంటరు" అన్నారాయన.

స్టాఫ్ రూమంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాని కొంచెం ఆలస్యంగా.

ఇక ఇప్పుడు చెప్పబోయే సంగతి మా ఇంటిది. రాయవచ్చునా అని నా రెండో కూతురిని అడిగాను. "రాయి బాపు. గిండ్ల దాచేదేమున్నది" అన్నది. కనుక రాస్తున్నాను.

ఎనభైల నడుమ ఒక చలికాలం మా బడిలో చర్మపరీక్షలు జరిగాయి. కుష్ఠురోగాన్ని మొదట్లోనే పట్టుకుంటే గోలీలతో నయమవుతుంది. ఆలస్యమైతే చేతులూ కాళ్ళూ దెబ్బతింటాయి. అందుకని పిల్లలందరినీ చూడడానికి ఒక ఉద్యోగి వచ్చాడు. సౌమ్యుడైన యువకుడు. పిల్లలు ఆయనకు అప్పటికప్పుడే 'పరీక్ష సారు' అని పేరు పెట్టారు. పరీక్ష చాలా సులువైనది. ఒంటిమీద పాలిపోయిన మచ్చ కనిపిస్తే, పిల్లను కళ్ళు మూసుకొమ్మని ఆ మచ్చను దూదికొసతో తాకుతారు. తాకినట్టు తెలిసిందని చెబితే మంచిదే. తెలియకపోతే ఆ చోట స్పర్శ పోయిందేమోనని అనుమానిస్తారు. చలికాలంలో పిల్లల ముఖాలమీద, చేతులమీద తెల్లమచ్చలు మామూలే కనుక ఆనాడు చాలామందిని తాకి చూడవలసి వచ్చింది. ప్రార్థన ముగియగానే మైదానంలోనే పని మొదలుపెట్టారు. ఎండ ముదిరాక మిగిలిన తరగతులను వరండాలో చూశారు.

సాయంత్రానికి ముప్పైమందికి పైగా పిల్లల పేర్లు బయటికి వచ్చాయి. వారిలో ఎనిమిదో తరగతి చదువుతున్న మా రెండో పిల్ల ఒకతె. ఎడమ ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చ. మేము దానిని చూస్తూనే ఉన్నాము గాని, చలికి వచ్చే మామూలు పొడ అనుకున్నాము.

"ఇది అనుమానమే సారూ. రోగమున్నదని నేను అంటలేను. పెద్ద డాక్టరుకు సూపియ్యాలె" అని పరీక్ష సారు స్పష్టంగానే చెప్పాడు. అయితే ఆ అనుమానమన్న మాట ప్రధానోపాధ్యాయుల గది గడప దాటలేదు. మిగిలిన మాట దాటింది. మా ఊళ్ళో ఆ రోగం పేరెత్తేవారు కాదు. 'పెద్దరోగం' అనేవారు, అది కూడా గొంతు తగ్గించి. స్టాఫ్ రూములో మంచినీళ్ళ కుండ దగ్గర నేను తాగే గ్లాసు ఒకటి ఉండేది. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి అది కిటికీలో, మిగిలిన గ్లాసులకు దూరంగా ఉంది. ఎవరు పెట్టారో నేనడగలేదు.

మేమందరం పెద్దసారు అని పిలిచే మా ప్రధానోపాధ్యాయులు కబురు పెట్టారు. డాక్టరు కాగితం తెచ్చేదాకా ఆ పిల్లలెవరూ బడికి రాకూడదు. వారి తల్లిదండ్రులను మర్నాడే పిలిపిస్తారు. ముప్పైమంది పిల్లలు ఒక్కసారిగా బడి మానితే ఎందుకు మానారో తెలియని ఇల్లు సిద్దిపేటలో ఉండదు. ఒకసారి ఆ పేరు పడిన ఆడపిల్లను, తరువాత ఏ కాగితం చూపించినా, ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోరు.

ఇంటికి వెళ్ళి చెప్పాను. నా భార్య పొయ్యిలోని కట్టెను వెనక్కి లాగింది. తరువాత, "లెక్కల సారు సదువుకున్నోడు, ఉత్తమాటలు చెప్పడు. పిల్లను తీస్కపోండ్రి. ఏం లేదని ఆయన నోట అనిపిచ్చుకొని రాండ్రి" అన్నది.

ఆయన ఇల్లు మాకు రెండు వీధుల అవతల. ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. నేను ఉపోద్ఘాతం లేకుండానే అడిగాను. "మీరు చెప్పండి. మా పిల్లకు ఏమీ లేదు కదా."

ఆయన మా పిల్లను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకున్నారు. ఎడమచేతిని తన చేతిలోకి తీసుకొని మచ్చను చూశారు. చూసిన తరువాత కూడా ఆ చేతిని వదలలేదు.

"చెప్పలేను సారూ" అన్నారు.

నాకు కోపం వచ్చింది. పరీక్ష సరిగ్గా చెబుతుందా లేదా, అదైనా చెప్పమన్నాను. ఆయన లోపలికి కేకవేసి, వారి ఇంట్లో పచ్చీసు ఆడే చింతగింజలూ ఒక చెంబూ తెప్పించారు.

"వెయ్యిమంది పిల్లలున్నరనుకుందాం. అసలు లెక్క నాకు తెల్వది, ఉత్తగ అనుకుందాం. అండ్ల అయిదుగురికి నిజంగ రోగమున్నది. పరీక్ష ఆ అయిదుగురిని పట్టింది. మంచిదే. రోగం లేనోళ్లల్ల గూడ నూటికి అయిదుగురిని తప్పుగ పట్టిందనుకుందాం. సిన్న తప్పే గద, నూటికి తొంభై అయిదుగురికి సరిగ్గ చెప్తున్నది. మరి తప్పుగ పట్టువడ్డోళ్లు ఎంతమంది?"

"యాభైమంది."

"ఓ రవ్వ తక్కువ యాభై." ఆయన అయిదు గింజలమీద సుద్దముక్కతో గీతలు గీశారు. గీతలేని గింజలు యాభై లెక్కపెట్టి, అన్నీ కలిపి చెంబులో వేసి కదిపారు. "పట్టువడ్డోళ్లంత గీండ్లున్నరు. గీతున్నది రోగం. సూడకుండ ఒకటి తియ్యిండ్రి."

తీశాను. గీత లేదు. మళ్ళీ తియ్యమన్నారు. గీత లేదు. మూడోసారీ లేదు. మా పిల్ల కిసుక్కున నవ్వింది. నా గుండెల మీది బరువు కొంత దిగినట్టనిపించింది. పరీక్ష నూటికి తొంభై అయిదుసార్లు సరి అన్నప్పుడు, పట్టుబడిన పిల్లకు రోగం ఉండే పాళ్ళు కూడా నూటికి తొంభై అయిదే అని నేననుకున్నాను. బడిలో అందరూ అలాగే అనుకొని ఉంటారు. ఆ రెండూ ఒకటి కావని గింజలు చూపిస్తున్నాయి. రోగం అరుదైనప్పుడు చిన్న తప్పు కూడా పెద్ద గుంపును పట్టి తెస్తుంది.

"మళ్ల తియ్యిండ్రి" అన్నారు.

చెంబులో చెయ్యి పెట్టాను. గింజలు వేళ్ళకు తగులుతున్నాయి. ఈసారి గీత ఉంటే? చెయ్యి ఖాళీగా వెనక్కి తీసుకున్నాను.

"ఏమాయె?"

"చాలు" అన్నాను.

"గదే సారూ. పదకొండుట్ల పది పాళ్లు మంచి గింజనే వస్తది. అంతమట్టుకు మీరు ధైర్యంగ ఉండొచ్చు, గది ఉత్త ధైర్యం గాదు. గని ఒక పాలు ఇంక చెంబులనే ఉన్నది. లేదని నేనంటె మీరు ఇంటికి వోయి నిమ్మళంగ పండుకుంటరు. పిల్లను మళ్ల సూపియ్యరు. గందుకే లేదని అనను."

తరువాత ఆయన మా పిల్లవైపు తిరిగారు. "పొద్దుగాల ఏమైంది బిడ్డా? పరీక్ష సారు తాకితె తెల్వలేదా?"

"ఏమో సార్. ఒకపారి తెలిసినట్టే అయింది."

"మరి చెప్పకపోతివి?"

"ప్రార్థనల నిలబడ్డట్టు నిలబడాలని పెద్దసారు అన్నడు. ప్రార్థనల మాట్లాడితె కొడ్తడు గద."

ఆయన జేబులోంచి ఒక పుట్నాన్ని తీసి, నోట్లో వేసుకోకుండా వేళ్ళ మధ్యే పట్టుకున్నారు. మా బడి ప్రార్థన ఈ చుట్టుపక్కల పేరు పొందినది. చేతులు కట్టుకొని, కళ్ళు మూసుకొని, ముఖం మీద ఈగ వాలినా కదలకుండా పిల్లలు నిలబడేవారు. తనిఖీకి వచ్చినవారు మెచ్చుకొని పోయేవారు. పెద్దసారుకు అది ప్రాణం. "సారూ, పట్టువడ్డోళ్లల్ల మైదానంల సూసినోళ్లెంతమందో, వరండాల సూసినోళ్లెంతమందో, రేపు పొద్దుగాల్నే అడుగుదాం" అన్నారాయన.

మేము ఇంటికి తిరిగివచ్చేసరికి నా భార్య గుమ్మంలో ఉంది. ఏమన్నాడని అడిగింది. చెప్పలేనన్నారని చెప్పాను. "ఒక్కమాట లేదంటె ఆయన నోట్ల ముత్యాలు రాల్తుండెనా" అని లోపలికి పోయింది.

మర్నాడు ప్రార్థనకు ముందే ఇద్దరమూ పెద్దసారు గదిలో ఉన్నాము. పరీక్ష సారు కూడా వచ్చాడు. విచారిస్తే, పట్టుబడిన పిల్లలు ఇంచుమించు అందరూ మైదానంలో చూసిన తరగతులవారే. వరండాలో చూసినవారు ఇద్దరో ముగ్గురో.

"రోగానికి మైదానమేంది, వరండా ఏంది పెద్దసారూ? అందరు పక్కపక్క ఇండ్ల పిల్లలే. తేడా ఒక్క మన ప్రార్థనల్నే ఉన్నది. నిన్న మనం రోగాన్ని తూచలే. కదలకుండ నిలబడుడు తూచినం" అన్నారు లెక్కల సారు.

"అంటే తప్పు నా డిసిప్లిన్‌దంటవా?"

"మంచి డిసిప్లినే పెద్దసారూ. సూది గుచ్చినా కిక్కురుమనరు. గదే కొంప ముంచింది."

పరీక్ష సారు నవ్వు ఆపుకోలేక కిటికీవైపు తిరిగాడు. పెద్దసారు నవ్వలేదు. "ఏందయ్యా నీ లెక్కలు. రేపు పదిమందికి అంటుకుంటె నీ పాళ్లొచ్చి ఆపుతయా? తల్లిదండ్రులు నీ ఇంటికి రారు, నా ఇంటికొస్తరు" అన్నారు. ఆ భయం చిన్నదేమీ కాదు. ఆయన కుర్చీలో ఎవరున్నా అదే మాట అనేవారు.

"నిజమే. రోగమున్న పిల్లను లేదని కూసోవెడితె తప్పు. లేని పిల్లను ఉన్నదని బయటికి తోలినా తప్పే. తప్పులు రెండున్నయి పెద్దసారూ. మనం ఒక్కదానికే భయపడుతున్నం."

ఆ తరువాత ఆయన తన పద్ధతి చెప్పారు. పట్టుబడిన పిల్లలను మాత్రమే మళ్ళీ పిలిస్తే ఊరికి పేర్లు చెప్పినట్టే అవుతుంది. కనుక తెల్లమచ్చలుండి కూడా మొదట పట్టుబడని పిల్లలను మరి అంతమందిని కలిపి పిలవాలి. ఎవరు ఏ గుంపువారో పరీక్ష సారుకు కూడా చెప్పకూడదు. "తెలిస్తె మీ చెయ్యి ముందుగాల్నే తీర్పు చెప్తది సార్, మీరు ఎంత మంచోళ్లైనా" అన్నారు. ఆ యువకుడు నొచ్చుకోలేదు. "వందలమందిని సూసినంక ఎవలు ఎవలో నాకు యాదికుండదు సార్. నాకు గూడ గట్లనే మంచిగుంటది" అన్నాడు. పెద్దసారు చాలాసేపు బల్లమీద వేళ్ళతో కొట్టారు. చివరికి, పరీక్ష మళ్ళీ జరిగేదాకా పిల్లలను ఆపనని, తల్లిదండ్రులను పిలవనని ఒప్పుకున్నారు.

రెండో పరీక్ష ఆ మధ్యాహ్నమే ఒక తరగతి గదిలో చాపలు పరిచి జరిగింది. లెక్కల సారు దానిని ఒక ఆటగా మార్చారు. "కండ్లు మూసుకోవాలె. తాకిన జాగల వేలు వెట్టాలె. మాట్లాడొచ్చు, నవ్వొచ్చు, కదలొచ్చు. ఎవలు కొట్టరు" అని చెప్పారు. పెద్దసారు బెత్తం తన గదిలో వదిలి వచ్చి, పిల్లలకు కనబడకుండా తలుపు పక్కన నిలబడ్డారు. పిల్లలు చక్కిలిగిలి పెట్టినట్టు నవ్వుతూ, దూది తాకిన చోటల్లా టక్కున వేలు పెడుతున్నారు. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతున్నారు. ఆ నవ్వులు విన్నకొద్దీ నాకు ఊపిరి సులువుగా ఆడసాగింది.

మా పిల్ల వంతు వచ్చింది. కళ్ళు మూసుకుంది. మోచేతి దగ్గర తాకితే వేలు పెట్టింది. మణికట్టు మీద తాకితే పెట్టింది. పరీక్ష సారు మచ్చమీద తాకాడు. ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉంది. వేలు గాలిలో, తయారుగా ఉంది. ఆయన మళ్ళీ తాకాడు.

"ఇంక తాకుతలేరేంది సార్?" అన్నది.

ఆనాడు మొదట పట్టుబడినవారిలో మా పిల్ల తప్ప అందరూ అనుమానం నుంచి బయటపడ్డారు. మొదటిసారి ఎవరూ అనుమానించని విద్యార్థి ఒకడు, నంగునూరు నుంచి వచ్చేవాడు, ఇప్పుడు పట్టుబడ్డాడు. మొదటిసారి భయానికి, తెలియకున్నా తెలిసిందన్నాడట. మొదటి పరీక్ష లేనివారిని పట్టింది, అనుమానించవలసినవాణ్ణి వదిలింది.

నేను గది వెనుకకు పోయి గోడకు ఆనుకొని నిలబడ్డాను. లెక్కల సారు వెనకాలే వచ్చారు.

"పదకొండులో పది పాళ్ళన్నారు" అన్నాను.

"అన్న. గా లెక్క నిన్నటిది సారూ. ఇప్పుడు పదిట్ల ఎనిమిది పాళ్లు ఉన్నదనే అనుకోవాలె. కొత్త సంగతి తెలిసినంక పాత పాలు పట్టుకొని కూసోవద్దు." కొంచెం ఆగి, "రేపు పొద్దుగాల బస్సుకు పట్నం పోదాం. నేనొస్త" అన్నారు.

"మీరెందుకు?"

"చెంబుల గింజలు వేసింది నేనే గద."

హైదరాబాదు బస్సులో నేనూ నా భార్యా ఒక సీటులో కూర్చున్నాము. వెనుక సీటులో ఆయన మా పిల్లతో పందెం కాస్తున్నారు. వచ్చే స్టాపులో ఎక్కే మనిషి చేతిలో సంచి ఉంటుందా ఉండదా, పందానికి ఒక పుట్నం. కాసేపటికి, "సార్, సంచి ఉన్నదంటేనే నేను గెలుస్తున్న" అని ఆమె చెప్పడం వినిపించింది. "గందుకే గట్లనే అను. సంచి లేకుండ బస్సెక్కేటోడెవడు బిడ్డా" అన్నారాయన. ఆమె ఒళ్ళోని పుట్నాల చప్పుడు విని నా భార్య ఆ రోజు మొదటిసారి వెనుదిరిగి చూసింది.

పెద్ద దవాఖానలో డాక్టరు మచ్చమీద ఒకసారి వేడినీళ్ళ గొట్టం, ఒకసారి చల్లనీళ్ళ గొట్టం ఆనించి ఏది ఏదో చెప్పమన్నారు. మోచేతి వెనుక నరాన్ని తడిమి చూశారు. చిన్న చర్మపు ముక్కను తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం కోసం మళ్ళీ వెళ్ళినప్పుడు కూడా లెక్కల సారు సెలవు పెట్టి మాతో వచ్చారు. డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, "ఉన్నది. కాని చాలా తొందరగా పట్టుకున్నారు. కొన్ని నెలలు గోలీలు వాడితే పూర్తిగా పోతుంది. బడికి పంపండి, ఈ అమ్మాయి వల్ల ఎవరికీ రాదు" అన్నారు. నా భార్య ఏడ్చింది. లెక్కల సారు గోలీలు వేసే పద్ధతిని డాక్టరుతో రెండుసార్లు చెప్పించుకున్నారు. నంగునూరు విద్యార్థి విషయం కూడా చెప్పి, వాళ్ళ నాయినను ఎప్పుడు పంపాలో అడిగి తెలుసుకున్నారు.

మేము తిరిగివచ్చిన మర్నాడు పెద్దసారు స్టాఫ్ రూముకు వచ్చారు. కిటికీలో ఉన్న గ్లాసు తీసి, కుండలో ముంచి, అక్కడే నిలబడి నీళ్ళు తాగారు. గ్లాసును కుండ పక్కన పెట్టి వెళ్ళిపోయారు. తల్లిదండ్రులను ఆయన ఎన్నడూ పిలవలేదు. మా పిల్లకు ఆ తరువాత ఒక్కరోజు కూడా బడి మానవలసిన అవసరం రాలేదు.

గోలీలు పూర్తయిన తరువాత ఒక సాయంత్రం చాయ్ హోటల్ ముందు బల్లమీద కూర్చొని నేను ఆయనను అడిగాను. "ఆనాడు నేను అడిగినప్పుడు మీరు లేదని అని ఉంటే?"

"మీకు నిద్ర మంచిగ పడుతుండె. పిల్ల చెయ్యి మాత్రం..." అని ఊరుకున్నారు.

వాక్యాలు పూర్తి చేయాలని జీవితమంతా పిల్లలకు చెప్పిన నేను, ఆ వాక్యాన్ని పూర్తి చేయమని అడగలేదు.

ఆ తరువాతి సంవత్సరాలలో, తొంభైలు వచ్చి ఊళ్ళో రక్తపరీక్షల దుకాణాలు పెరిగాక, జనం తమ రిపోర్టులు పట్టుకొని ఆ బల్ల దగ్గరికి రాసాగారు. ఆయన వైద్యం చెప్పేవారు కాదు. డాక్టరును ఏం అడగాలో చెప్పేవారు. ఒకసారి భాయ్ తన బావమరిది గురించి మొరపెట్టుకున్నాడు. "టైఫాయిడ్ ఉన్నదని రిపోర్టొచ్చింది సారూ. వాడు జూస్తే గుర్రం లెక్క తిరుగుతుండు, బిర్యానీ తింటుండు."

"జ్వరమొస్తె చేపిచ్చుకున్నడా?"

"లేదు సారూ. పక్కింటోడు చేపిచ్చుకున్నడని వీడు గూడ చేపిచ్చుకున్నడు. షౌక్."

"చేపలున్న చెరువుల గాలం గుంజితె చేపనే అనుకోవచ్చు భాయ్. చేపల్లేని కుంటల గుంజితె చెప్పు గూడ గావచ్చు. డాక్టరు దగ్గరికి పంపు. జ్వరం లేదని ముందుగాల చెప్పుమను."

"మరి చెప్పయితె మంచిదేనా?"

"చెప్పో చేపో సూసినంకనే చెప్పాలె" అన్నారు సారు. భాయ్ నవ్వి ఆ పూట చాయ్ పైసలు తీసుకోలేదు.

కిందటేడు సారు గుండెకు జబ్బు చేసింది. పట్నం వెళ్ళి వచ్చిన మరుసటి సాయంత్రం నేను వారి ఇంటికి వెళ్ళాను. వరండాలో అదే చోట కూర్చుని ఉన్నారు, కాస్త చిక్కారు. "ఆపరేషన్ చేస్తమంటున్నరు సారూ. ఎన్ని పాళ్లు బతుకుత అని అడిగిన. డాక్టరుకు ముందు కోపమొచ్చింది, ఎనుక నవ్విండు. ఈ వయసుల, ఈ గుండెతోని, సగం సగం అన్నడు."

"చేయించుకోకపోతే?"

"ఏడాది దాక పదిట్ల ఆరు పాళ్లు ఉంటనట. సగం కన్న ఆరు పాళ్లు మంచిగనే ఉన్నది. ఇంటికాడనే ఉంట." అలా చెబుతున్నప్పుడు ఆయన గొంతులో ఏ తేడా లేదు, వాన సంగతి చెప్పినట్టే చెప్పారు. తరువాత నా మోకాలి మీద తట్టి, "సాయంత్రం సాయంత్రం మీరొస్తరు గద. గది మాత్రం పదిట్ల పది" అన్నారు.

నాకు తెలిసినంతవరకు, పదింట పది అని ఆయన అన్నది ఆ ఒక్కసారే. ఆ తరువాత ఏ సాయంత్రమూ వెళ్ళకుండా ఉండలేకపోయాను.

సోమవారం మధ్యాహ్నానికి మా పిల్ల కరీంనగర్ నుంచి వచ్చింది. అక్కడ టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం. రోజంతా వేళ్ళతోనే పని. వారి ఇంటి ముందు పందిరి కింద సారును పడుకోబెట్టారు. పాత విద్యార్థులు వస్తున్నారు, పోతున్నారు. ఆమె నేరుగా పోయి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఎవరో పెద్ద బంతిపూల దండ తెచ్చి వేస్తుంటే దారం తెగింది. పూలు చెదిరాయి. ఒక్క రేకు గాలికి తిరుగుతూ వచ్చి ఆమె ఎడమ ముంజేతి మీద వాలింది. ఒకప్పుడు మచ్చ ఎక్కడ ఉండేదో ఆమెకు ఇప్పుడు గుర్తు లేదు, చెయ్యి అంతా ఒక్క రంగే. నాకు గుర్తున్నది. రేకు సరిగ్గా ఆ చోటనే వాలింది. ఆమె చూపు సారు ముఖం మీదనే ఉంది. అక్కడి నుంచి కళ్ళు తిప్పకుండానే, కుడిచేతి వేళ్ళతో ఆ రేకును మెల్లగా తీసి, ఆయన పాదాల దగ్గర పెట్టింది.